పావుగంట ఎరువు

కుట్టుపిన్ని దగ్గర రెండే పద్ధతులు: ఎరువు, బదులు. కత్తెర తీసుకెళితే ఎరువు, ఆ కత్తెరే తిరిగి రావాలి. డజను గుండీలు తీసుకెళితే బదులు, ఏ గుండీలైనా సరే, పన్నెండు రావాలి. వీధంతా ఆమె దగ్గర తెచ్చుకునేవాళ్లే. ఆమె మాత్రం అరవై ఏళ్లలో ఒకరిని సూదైనా అడిగిన పాపాన పోలేదు. అదో పొగరు, ఒప్పుకోవాలి మరి.

అలాంటి మనిషి ఆ ఉదయం ఆసుపత్రిలో, ముక్కూమొహం తెలియని అమ్మాయి మంచం ముందు, పొత్తిళ్లలో మనవరాలు, చేతిలో గిన్నెతో నిలబడింది. కూతురికి కాన్పయి మూడు రోజులు. ఒళ్లెరగని జ్వరం, పాలు పడలేదు. పాపకి చప్పరించే ఓపిక లేదు, డబ్బాపాలు చెంచాతో పోస్తే కక్కేస్తోంది. తల్లిపాలు పడితే తప్ప పిల్ల దక్కడం కష్టమని డాక్టరమ్మ తేల్చేసింది. "పక్క గదిలో అమ్మాయిని అడగండి. పరీక్షలన్నీ చేశాం, ఇస్తానంది" అని కూడా చెప్పింది.

"అమ్మా, కాసిని పాలు..." అంటూ గిన్నె ముందుకు చాపింది పిన్ని.

ఆ అమ్మాయి గిన్నె అందుకుని, అటు తిరిగి కూర్చుని, నింపి ఇచ్చింది.

"బదులేం ఇవ్వమంటావు తల్లీ? మీ బుజ్జిగాడికి చొక్కాలు కుడతాను. డజను కుడతాను!" అంది పిన్ని, ఉయ్యాల కోసం గదంతా చూస్తూ.

"వాడు మొన్న పోయాడు పెద్దమ్మా. పాలకేం తెలుసు, వస్తూనే ఉన్నాయి."

నా నోరు పడిపోను, అని తనని తానే తిట్టుకుంది పిన్ని.

"బదులొద్దు పెద్దమ్మా. ఓ పావుగంట ఎరువివ్వండి చాలు."

"ఏంటమ్మా?"

"పాపని."

కడుపుకోతలో ఉండి కూడా గిన్నె నిండా ఇచ్చింది, అడిగిందేమో పావుగంట! ఇలాంటి మనుషులుంటారా? పిన్ని తన బతుకంతటిలో ఇంత పెద్ద చెయ్యి చూడలేదు. కళ్లు తుడుచుకుని, పాపని తీసి ఆ అమ్మాయి ఒళ్లో పెట్టింది.

పాప ముక్కుతో రొమ్ము వెతుక్కుంది. ఆ అమ్మాయి తలెత్తి, పట్టనా అన్నట్టు చూసింది. పిన్ని తలూపింది. మూడు రోజులుగా సొంతంగా చప్పరించే ఓపికే లేని పాప నోరు కదిలింది. ఆగింది. మళ్లీ కదిలింది. గుటక వినిపించింది.

"తాగుతోంది పెద్దమ్మా!" అంది ఆ అమ్మాయి, ఏడుస్తూనే నవ్వుతూ. "చూడండి, తాగుతోంది!"