పత్తి సంచిలో కెమెరా

రాజక్క ఫోన్ చేయలేదు. చేయడానికి ఆమె దగ్గర ఫోనే లేదు. పరకాలలో బస్సెక్కి హన్మకొండ చౌరస్తాలో దిగి, అక్కడి నుంచి నడుచుకుంటూ సుభాషిణి ఫోటో స్టూడియోకు వచ్చింది. ఎడమ కన్ను వాచి మూసుకుపోయింది. కింది పెదవి మీద రక్తం ఎండి నల్లగా అట్ట కట్టింది. కొంగు కప్పుకొని వచ్చినా, లోపలికి రాగానే తీసేసి కుర్చీలో కూలబడింది.

సుభాషిణికి ఆమె పెద్దమ్మ కూతురు. చిన్నప్పుడు సంకనెత్తుకొని తిప్పిన అక్క.

"ఎవరు కొట్టిండ్రక్కా?"

"పదిమంది వచ్చిండ్రు. ముందుగాల అందరి ఫోన్లు గుంజుకొని బాయిల ఏసిండ్రు. అటెన్క కొట్టిండ్రు. మీ బావ వీపు చూస్తే నువ్వు అన్నం తినవు."

రోడ్డు పక్కన రాజక్క వాళ్ళ నాలుగెకరాల పత్తి చేను మీద ఏడాదిగా గొడవ నడుస్తోంది. దొంగ కాగితం పుట్టించి ప్లాట్లు చేసి అమ్ముకుందామని ఒకడు కాచుకొని ఉన్నాడు. కోర్టు స్టే ఇచ్చింది. అయినా మనుషుల్ని తోలుతూనే ఉన్నాడు. స్టేషన్‌కు పోతే, ఎవరొచ్చారో చూపించమంటున్నారు. ఆ మనిషేమో ఆ రోజు నేను హైదరాబాద్‌లో ఉన్నానంటాడు.

"ఎవరక్కా ఆ మనిషి?"

"మల్లికార్జున్. వెంచర్లేస్తడు గదా, ఆయననే."

సుభాషిణికి ఆ మనిషి తెలుసు. రెండేళ్ళ కింద ఆ మల్లికార్జున్ బిడ్డ ఓణీల ఫంక్షన్‌కు ఫోటోలు తీసింది తనే. "తిన్నంకనే పని, మేడం" అని దగ్గరుండి వడ్డించిన మనిషి. బిడ్డ నెత్తిన అక్షింతలు వేస్తూ కళ్ళు తుడుచుకున్నాడు. ఆ ఫోటో పెద్దగా కట్టించి ఇంట్లో పెట్టుకున్నాడని విన్నది.

"ఎల్లుండి మళ్ల వస్తాండ్రట, జేసీబీతోని" అంది రాజక్క. "నువ్వొచ్చి ఫోటోలు తియ్యాలె. మొఖాలు కనవడాలె. గంతే."

సాయంత్రం సుభాషిణి రెండు కెమెరాలు బల్ల మీద పెట్టింది. ఒకటి పోయినేడు కొన్న పెద్ద మిర్రర్‌లెస్ కెమెరా. దానికి మూరెడు జూమ్ లెన్స్ బిగిస్తే చేను ఆ గట్టు మీది మనిషి కనుబొమ్మలు కూడా లెక్కపెట్టొచ్చు. రెండోది సబ్బుబిళ్ళంత జేబు కెమెరా. ఫోన్లు బాగుపడ్డాక దాన్ని అడిగిన నాథుడే లేడు.

భర్త మధు మిర్రర్‌లెస్‌నే ముందుకు జరిపాడు. ఇద్దరూ కలిసే స్టూడియో నడుపుతారు. కెమెరాల సంగతి ఆయనకు ఆమెకంటే ఎక్కువ తెలుసు.

"రోడ్డవతల మోటర్ కొట్టం ఉందంటివి గదా. అండ్ల కూసో. రెండువందల గజాలున్నా మొఖాలు సాఫ్‌గ వస్తయ్. సప్పుడు గూడ రాదు. వాళ్ల చేతికి అందవు. అది ముఖ్యం."

"పత్తి ఛాతీ దాక పెరిగింది. వంగినోడు, కింద పడ్డోడు ఆడికెళ్లి కనవడరు. వాళ్లు కొట్టేది కింద పడేసి."

"దీంతోని తియ్యాలంటే ఆరడుగుల దూరంల నిలవడాలె, సుభా. ఎండల తెర కనవడది. బటన్ నొక్కినంక అర సెకను ఆగి తీస్తది. నీకు తెల్వదా?"

"తెలుసు. కానీ ఆ పెద్దది మెడలేసుకుంటే హన్మకొండల సగం మంది నన్ను గుర్తువడ్తరు. రోడ్డు మీద వాళ్ల మనిషి కాపలుంటడట, బండ్లు ఆపి సంచులు చూస్తాండట."

"నీకేమన్న అయితే?"

ఆమె చిన్నదాన్ని ఛార్జింగ్‌కు పెట్టింది. ఫ్లాష్ ఆపేసి, బటన్ల చప్పుడు ఆపేసి, తెర చూడకుండా నడుము దగ్గరి నుంచే గోడను, తలుపును, మధును ఇరవైసార్లు తీసి చూసుకుంది. పన్నెండింటిలో తల తెగిపోయింది. మిగతావి పర్వాలేదు. మధు పెద్ద కెమెరాను బీరువాలో పెట్టేశాడు. కోపంతో తలుపు గట్టిగానే వేశాడు.

జేసీబీ వస్తుందన్న రోజు పొద్దున తొమ్మిదింటికి ఆమె కూలి ఆడవాళ్ళతో పాటు చేనులోకి దిగింది. పాత చీర, పైన మగవాళ్ళ చొక్కా, తలకు తువ్వాల. నడుముకు పత్తి ఏరే సంచి కట్టింది. అందులో అడుగున ఫోన్, పైన కెమెరా, దాని మీద గుప్పెడు పత్తి. సంచికి లెన్స్ పట్టేంత బొక్క రాజక్కే కోసి ఇచ్చింది. రోడ్డు మీద కాపలా వాడు వాళ్ళను చూశాడు, మళ్ళీ బీడీ ముట్టించుకున్నాడు.

పది దాటాక జేసీబీ వచ్చింది. గట్టు తెంపుకొని నేరుగా చేనులోకి దిగింది. పగిలిన కాయలతో తెల్లగా నిలబడ్డ చెట్లు చక్రాల కింద పటపటా విరిగాయి. వెనక రెండు కార్లు. దిగిన వాళ్ళు పద్నాలుగు మంది, చేతుల్లో కర్రలు, ఇనుప రాడ్లు. ఏమీ అడగలేదు, ఏమీ చెప్పలేదు. కూలి ఆడవాళ్ళలో ముందున్న ముసలి కట్టమ్మను ఒకడు రొమ్ము మీద తన్నితే ఆమె సాళ్ళలోకి వెల్లకిలా పడింది. పక్కనున్న కమలను జుట్టు పట్టి ఈడ్చారు. ఆమె మోకాళ్ళు మట్టిలో గీసుకుంటూ పోయాయి.

సుభాషిణి సంచిలో చెయ్యి పెట్టి నొక్కింది. మళ్ళీ నొక్కింది. పడుతోందో లేదో తెలియదు.

రాజక్క భర్త వెంకట్రాజం పోయి జేసీబీ తొట్టి ముందు కూర్చున్నాడు. మొదటిసారి పడ్డ దెబ్బల కట్లు ఇంకా వీపు మీదే ఉన్నాయి. "నా మీదికెళ్లి తోలుండ్రి" అన్నాడు. నలుగురు కాళ్ళు పట్టి పక్కకు గుంజారు. అప్పుడు రెండో కారు తలుపు తీసుకొని మల్లికార్జున్ దిగాడు. తెల్ల చొక్కా, చేతిలో నీళ్ళ బాటిల్. రెండు గుక్కలు తాగి మూత పెట్టాడు.

"ఒక కాలు చాలు" అన్నాడు.

గొంతు పెంచలేదు. సుభాషిణికి అంత స్పష్టంగా వినపడింది ఆమె ఆరడుగుల దూరంలో ఉండబట్టే. మోటర్ కొట్టంలో కూర్చొని ఉంటే ఆ మాట తెలిసేదే కాదు.

రాడ్ పట్టినవాడు ముప్ఫై ఏళ్ళ బక్కమనిషి. ఇద్దరు కాలు చాపి పట్టుకుంటే మోకాలి కింద కొట్టాడు. మొదటి దెబ్బకు సుభాషిణి వేలు కదలనే లేదు. వెంకట్రాజం అరుపు మనిషి అరుపులా లేదు. రెండో దెబ్బకు ఎముక విరిగిన చప్పుడు ఎండుకట్టె విరిగినట్టు వచ్చింది. అప్పుడు నొక్కింది. మూడో దెబ్బకు నొక్కింది. మల్లికార్జున్ వైపు నడుము తిప్పి నొక్కింది. కళ్ళలోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి, వేలు మాత్రం ఆగలేదు.

నాలుగో దెబ్బ పడలేదు. రాజక్క ఎటు నుంచి వచ్చిందో, చేతిలో గడ్డి కోసే కొడవలి. రాడ్ ఎత్తిన చేతి మీద వేసింది. మణికట్టు మీద నుంచి మోచేతి దాకా చీరుకుపోయింది. రాడ్ జారిపడింది. రక్తం పక్కనున్న పత్తి మీద చిమ్మింది. వాడు చెయ్యి పట్టుకొని కూర్చుండిపోయాడు. రాజక్క మళ్ళీ ఎత్తింది. ఒకడు వెనక నుంచి కర్రతో ఆమె నడుము మీద కొట్టాడు. అదీ సుభాషిణి తీసింది, రాజక్క కొడవలి వేసిందీ తీసింది. ఏది తీయాలి, ఏది వద్దు అని ఆలోచించే తీరిక లేకపోయింది.

"ఏయ్, ఆ సంచిల ఏందే?" ఒకడు ఆమె మీదికి వచ్చాడు.

ఆమె బోర్లా పడిపోయింది, లేదా పడినట్టు చేసింది. పడుతూనే కెమెరాను సంచిలోంచి లాగి, పత్తి చెట్టు మొదట్లో మట్టిలోకి తోసి, దాని మీద పొట్ట ఆనించింది. వాడు సంచి గుంజితే వదల్లేదు. బూటుకాలితో కుడి మణికట్టు తొక్కి తిప్పాడు. లోపల ఏదో పటుక్కుమంది. కళ్ళ ముందు చేనంతా నల్లబడింది.

తువ్వాల ఊడిపోయింది. మల్లికార్జున్ దగ్గరికి వచ్చి వంగి చూశాడు. గుర్తు పట్టడానికి క్షణం పట్టింది.

"మేడం, మీరు ఈడికెందుకు వచ్చిండ్రు?"

ఆమె పళ్ళు బిగించి ఆయన మొఖంలోకే చూసింది. ఆయన చూపు తిప్పుకొని తన మనిషికి సైగ చేశాడు. నడుము నుంచి సంచి తెంపుకొని దులిపారు. పత్తిలోంచి ఫోన్ పడింది. రాడ్‌తో రెండు దెబ్బలేసి ముక్కలు ఏరుకొని పోయారు. వాళ్ళు వెతికింది ఫోన్ కోసం, అది దొరికింది. ఈ రోజుల్లో కెమెరా అనేది వేరే ఒకటి ఉంటుందని, అదీ సబ్బుబిళ్ళంత ఉంటుందని వాళ్ళలో ఎవరికీ తట్టలేదు. మేడం కెమెరా అంటే మల్లికార్జున్‌కు తెలిసింది మెడలో వేలాడే పెద్దదే. పైగా చెయ్యి తెగినవాడి రక్తం ఆగడం లేదు. వాణ్ని కార్లో వేసుకొని అందరూ వెళ్ళిపోయారు. జేసీబీ కూడా వచ్చిన దారినే వెనక్కి పోయింది.

మూడో రోజు దవాఖానలో, చేతికి సిమెంటు కట్టుతో సుభాషిణి మంచం మీద ఉంటే, మధు లాప్‌టాప్ తెరిచాడు. నలభై ఆరు ఫోటోలు. ముప్ఫైకి పైగా మట్టి, చీర అంచులు, ఆకాశం. పదకొండు పనికొచ్చేవి. మిర్రర్‌లెస్ ఫోటోల ముందు అవి బొమ్మలే కావు, పక్కకు ఒరిగి, అంచులు మసకబారి ఉన్నాయి. కానీ ఒకదాంట్లో ఎత్తిన రాడ్ ఉంది, పట్టుకున్న ఇద్దరి మొఖాలున్నాయి, వెనకాల నీళ్ళ బాటిల్‌తో మల్లికార్జున్ ఉన్నాడు. కింద తేదీ, టైం ఉన్నాయి.

పదో ఫోటోలో రాజక్క కొడవలి ఉంది.

మధు తలుపు వైపు చూసి మెల్లగా అన్నాడు. "ఇది తీసేద్దాం. అక్క మీదనే కేసైతది."

రాజక్క నడుం పట్టుకొని గోడకు ఆనుకొని నిలబడి ఉంది. "ఉండనీ మధూ" అంది.

"అక్కా, నీకు తెల్వదు. హత్యాయత్నం అంటరు."

"నేను కొట్టలేదా? కొట్టిన. ఎందుకు కొట్టిన్నో దాని ముందలి ఫోటోనే చెప్తది. ఒకటి తీసేస్తే, వాళ్ల వకీలు అన్నీ మీరే దిద్దిండ్రంటడు. అప్పుడు మీ బావ కాలు గూడ అబద్ధమైతది."

మధు సుభాషిణి వైపు చూశాడు. ఆమె ఆ ఫోటోలోని చేతిని చూసింది. తనను ఎత్తుకొని తిప్పిన చెయ్యి అది. "కెమెర కార్డు ఎట్లున్నదో గట్లనే ఇద్దాం" అంది.

పోలీసులకు అట్లాగే ఇచ్చారు. వారంలోపు మల్లికార్జున్‌నూ ఎనిమిది మందినీ పట్టుకుపోయారు. రాజక్కనూ పట్టుకుపోయారు. ఆమె పందొమ్మిది రోజులు జైల్లో ఉండి బెయిల్ మీద వచ్చింది. వెంకట్రాజం కాలికి ఆపరేషన్ చేసి లోపల రాడ్ వేశారు. ఇక ముందు నాగలి పట్టలేడు. సుభాషిణి మణికట్టు అతికింది కానీ బరువు పట్టదు. మాఘమాసం పెళ్ళిళ్ళకు మధు ఒక్కడే పోయాడు. స్టే మాత్రం గట్టిగా నిలబడింది. చేనులో మిగిలిన పత్తి ఆడవాళ్ళే ఏరారు.

మొదటి వాయిదా రోజు సుభాషిణి రాజక్కను తోడ్కొని కోర్టుకు పోయింది. వరండాలో బల్ల మీద, ఆ రోజు రాడ్ పట్టిన బక్కమనిషి కూర్చొని ఉన్నాడు. పేరు నవీన్, స్టేషన్ ఘన్‌పూర్ వైపు వాడని అప్పటికి తెలిసింది. కుడి చేతి వేళ్ళు మూడు ముడుచుకోవడం లేదు. రాజక్కను చూసి లేవబోయాడు, మళ్ళీ కూర్చున్నాడు.

"నన్ను కూలికే పిలిచిండ్రు" అన్నాడు, నేల చూస్తూ.

"కాలు ఇరగ్గొట్టే కూలా?" అంది రాజక్క.

వాడు ఆ చేతిని ఒళ్ళోకి తీసుకున్నాడు. రాజక్క వాడి చేతి వైపు చాలాసేపు చూసింది. నడుం నొప్పికి ఎక్కువసేపు నిలబడలేకపోయింది. వరండాలో ఇంకో బల్ల లేదు. కొంగు సర్దుకొని అదే బల్ల మీద, రెండో చివరన కూర్చుంది. పేర్లు పిలిచేదాకా ఇద్దరూ అట్లాగే కూర్చున్నారు.