చేతులూపుకుంటూ

ఉరుకుందప్ప గడప మీద కూర్చుని తువ్వాలును రెండు కొసలా పట్టి మెలిపెడుతున్నాడు. ముప్పై ఎనిమిదేళ్లు పొద్దున్నే చేసిన పని. మెలి గట్టిపడ్డాక గుండ్రంగా చుట్టి, కొసను లోపలికి దోపి, నెత్తిన పెట్టుకుని అరచేత్తో ఒక్కటి తట్టాడు. చుట్ట కుదురుకుంది. అప్పుడు గుర్తొచ్చింది, నెత్తికెత్తుకోవడానికి ఇవాళ ఏమీ లేదని. ఎవరైనా చూశారేమోనని వీధివైపు చూసి, చుట్ట తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

పొయ్యి ముందు జొన్నరొట్టె తడుతున్న భార్య మద్దమ్మ చూడనే చూసింది.

"బుధవారం కదా ఈ పొద్దు. కొండకు పోవా?"

"పోను."

"ఏమైంది?"

"మోకాళ్లు నొప్పి."

మద్దమ్మ రొట్టె తిరగేసింది. నొప్పి మోకాళ్లలో లేదని ఆమెకు తెలుసు. పోయిన బుధవారం కొండ దిగి వచ్చినప్పటినుంచీ మొగుడు కుడిచేతిని పంచె మడతలో దాచుకుని తిరుగుతున్నాడు. అన్నం తినేటప్పుడో, ఇట్లా చుట్ట చుట్టేటప్పుడో తప్ప ఆ చేయి బయటికి రాలేదు. కాలిందా అని అడిగితే లేదన్నాడు. మరేమైందంటే లేచి వీధిలోకి పోయాడు.

ఉరుకుందప్ప ఆదోని పత్తి మార్కెట్‌లో హమాలీగా చేసినవాడు. చేసినన్నాళ్లూ అంతే, మేస్త్రీ కూడా కాలేదు. మెడ భుజాల్లోకి దిగిపోయి ఉంటుంది. నడినెత్తిన రూపాయి బిళ్లంత మేర వెంట్రుక మొలవదు. యార్డు నుంచి జిన్నింగు మిల్లుకు, మిల్లు నుంచి గూడ్సు షెడ్డుకు పత్తి కూరిన బోరేలు ఎన్ని మోశాడో అతనికే తెలియదు, అడిగినవాళ్లూ లేరు. ఇంతా మోసినవాడు ఒక్కదాన్ని మోయలేదు. కూతురికి నాలుగేళ్లప్పుడు ఉరుకుంద జాతరలో, కాళ్లు కాలుతున్నాయి ఎత్తుకో నాయనా అని చేతులు చాపింది. దినమంతా మోసేదే కదా, ఈ పొద్దన్నా భుజానికి సెలవియ్యి అని కసిరాడు. పిల్ల ఏడవకుండా ఎగిరెగిరి నడిచింది. ఆ పిల్లకిప్పుడు ఆలూరులో ముగ్గురు పిల్లలు, ఆమెకు ఆ సంగతి గుర్తు కూడా లేదు. అతనికి మాత్రం ఎండ కాసినప్పుడల్లా గుర్తొస్తుంది.

రెండేళ్ల కింద, అంటే ఎనభై రెండులో, దగ్గు ఎక్కువైంది. పత్తి నుసి రొమ్ములో పేరుకుందన్నారు. ఒకరోజు బోరెం కింద కూలబడితే మేస్త్రీ లేవదీసి, "ఇంక ఇంటికాడుండప్పా" అన్నాడు. ఉన్నాడు. మార్కెట్ మర్నాడు మామూలుగానే తెరిచారు.

ఆ ఖాళీలోంచి అతన్ని బయటికి లాగినవాడు అబ్బాస్ అలీ. రైల్వే గూడ్సు ఆఫీసులో పనిచేసి రిటైరైనవాడు. ముప్పై ఏళ్లు కిటికీలోంచి ఉరుకుందప్ప వ్యాగన్లు నింపడం చూసినవాడు. ఆయనా, ప్రెస్సింగు మిల్లులో గుమాస్తాగా చేసిన రామలింగయ్యా, పెద్దాసుపత్రిలో నర్సుగా చేసిన ఏసమ్మా వారానికొకసారి కొండెక్కుతారు. శనివారం ఆంజనేయస్వామి భక్తులు, ఆదివారం కుర్రకారు. అందుకని బుధవారం. తొందర లేదు, పందెం లేదు. ఒకరు కూర్చుంటే అందరూ కూర్చోవలసిందే. కోటగోడ దాకా పోయి, ఉగ్గానో బొరుగులో తిని, లోకంలో వాళ్లందరి మీదా నాలుగు మాటలు చెప్పుకుని దిగొస్తారు. ఊళ్లో దాన్ని బుధవారం గుంపు అంటారు.

"మాతోటి రాప్పా," అన్నాడు అబ్బాస్ అలీ నెల కిందట. "పేరులోనే ఉరుకు పెట్టుకున్నావు, నడిసేదానికేం? ఏమీ తేవద్దు. చేతులూపుకుంటా రా."

ఆయన మంచి మనసుతోనే అన్నాడు. కానీ ఉరుకుందప్ప ఇంట్లో ఆ మాట తిట్టు. చేతులూపుకుంటూ వచ్చాడంటే మర్యాద తెలియనివాడు, పెళ్లికైనా చావుకైనా ఏదో ఒకటి తేనివాడు అని అర్థం. కాబట్టి మొదటి బుధవారం చుట్ట నెత్తిన పెట్టుకుని కొండ మొదట్లో నిలబడ్డాడు. ముగ్గురూ రాగానే అడిగాడు.

"బరువు యాడుందన్నా?"

వాళ్లు నవ్వారు. వెక్కిరింపు నవ్వు కాదు. కానీ తనను పిలిచింది మోయడానికి కాదని అప్పుడు తెలిసి, ఎక్కడ దాక్కోవాలో తోచక, రామలింగయ్య చేతిలోని సంచి లాక్కుని నెత్తికెత్తుకున్నాడు. మరచెంబుతో నీళ్లు, బొరుగుల మూట, పరుచుకోవడానికి జంఖానా. అంతా కలిపి ఐదారు కేజీలుండదు. అతని మెడకది బరువే కాదు.

అయినా దానివల్ల ఒక ఉపకారం జరిగింది. నాలుగు అంగలు వేస్తే ఊపిరి ఆడడం లేదు. బరువు మోసేవాడు ఆయాసపడితే ఎవరూ వింతగా చూడరు, వెనకబడితే ఎందుకని అడగరు. ఒట్టి చేతులతో నడిచేవాడు రొప్పితే రోగి అంటారు. తర్వాతి వారం కూడా అతను సంచి వదల్లేదు. మొహమాటమనుకున్నారు వాళ్లు. అది దొంగతనం, జబ్బును నెత్తిమీద సంచి కింద దాచుకుంటున్నాడు.

మూడో వారం, అదే పోయిన బుధవారం, కొండ దిగాక సంచి రామలింగయ్య ముందు దించాడు. ఆయన ముక్కుపొడి డబ్బీ కోసం జేబులో చేయి పెట్టాడు. అంతే. ఉరుకుందప్ప కుడిచేయి ముందుకు చాచుకుంది, అరచేయి పైకి. బరువు దించాక ఎదుటివాడి చేయి జేబులోకి పోతే ముప్పై ఎనిమిదేళ్లు ఆ చేయి చేసిన పని అదే. ఆ చేతిని నలుగురూ చూశారు. రామలింగయ్యకు ఏం చేయాలో తోచలేదు. సంచిలో మిగిలిన బొరుగులు పిడికెడు తీసి ఆ చేతిలో పోశాడు. పరువు కాపాడదామనే పోశాడు పాపం. ఉరుకుందప్ప వాటిని తినలేదు, పారెయ్యలేదు. ఇంటిదాకా గుప్పిట్లో పట్టుకుని వచ్చి మద్దమ్మ కోళ్లకు వేశాడు. అప్పటినుంచీ ఆ చేయి పంచెలోనే ఉంది.

"ఏమప్పా, కొండ మీ ఇంటికి నడిసి రావల్నా?"

వీధిలో అబ్బాస్ అలీ. గొడుగు కర్రలాగ ఆనించి నిలబడ్డాడు.

"మోకాళ్లన్నా..."

"మోకాళ్లు నాకూ ఉండాయి. లే."

మనిషి గడప ముందుకొచ్చి పిలిచాక రానంటే మరీ సిగ్గుచేటు. ఉరుకుందప్ప లేచాడు. చుట్ట చేతిలోనే ఉంది, ఎక్కడ పెట్టాలో తెలియక నెత్తిన పెట్టుకున్నాడు. రొట్టె తినిపొమ్మని మద్దమ్మ అన్నది. వచ్చి తింటానన్నాడు.

కొండ మొదట్లో ఏసమ్మ, రామలింగయ్య ఉన్నారు. సంచి రామలింగయ్య భుజానికి వేలాడుతోంది. ఉరుకుందప్ప తలవంచుకుని పోయి దాని తాడు పట్టుకున్నాడు.

"ఇయ్యండి గుమాస్తయ్యా."

"వద్దప్పా. ఈ పొద్దు నేనే మోస్తాను."

"మీరు మోస్తాంటే నేను ఒట్టిగా నడిసేదా?"

"మేమందరం ఒట్టిగానే కదా నడిసేది," అని ఏసమ్మ అందుకుంది.

రామలింగయ్య వదల్లేదు. ఇద్దరూ తాడు చెరో పక్క పట్టి కాసేపు నిలబడ్డారు, చివరికి ఉరుకుందప్పే వదిలాడు. నలుగురూ నడక మొదలుపెట్టారు.

రాళ్ల మధ్య కాలిబాట, రెండు పక్కలా సీతాఫలం చెట్లు. ముందు అబ్బాస్ అలీ, ఆయన నోటి నుంచి రైళ్ల కథలు. ఉరుకుందప్పకు ఒక్క మాటా ఎక్కడం లేదు. చేతుల్ని ఏం చేసుకోవాలి? వెనక్కి కట్టుకుంటే పెద్దమనిషి వేషం. ముందు కట్టుకుంటే దొర ముందు నిలబడ్డట్టు. కిందికి వేలాడదీస్తే ఎవరివో చేతులు తనకు తగిలించినట్టున్నాయి. నూరడుగులు పోకముందే రొమ్ము పట్టేసింది. మూతి బిగించి ముక్కుతో లాగాడు, పిల్లి కూతలాంటి శబ్దం వచ్చింది. ముందున్న ముగ్గురూ ఆగారు.

ఏసమ్మ వెనక్కొచ్చి అతని మణికట్టు పట్టుకుంది. పంచెలో దాచిన చేతినే లాగి పట్టుకుంది. అతను చూపు తిప్పుకున్నాడు.

"ఎన్నాళ్లనుంచి ఇట్ల?"

"ఏమీ లేదమ్మా. ఎండ."

"పొద్దు పొడిసి గంట కాలేదు, ఎండంటావు. పెదాలు సూడు, నేరేడుపండు తిన్నట్టుండాయి. రేపు నాతో ఆసుపత్రికి రావల్ల. ఇప్పుడు దిగుదాం పాండి."

"నాకోసం మీరు దిగొద్దు!" అన్నాడు ఉరుకుందప్ప. అంత గట్టిగా అతను మాట్లాడడం వాళ్లెప్పుడూ వినలేదు. "కూసుంటే తగ్గుతాది. మీరు పోయి రాండి. నా వల్ల మీ బుధవారం చెడిపోతే నేను తల ఎత్తుకోలేను."

మలుపులో మంచమంత రాయి ఉంది. అతన్ని దానిమీద కూర్చోబెట్టి నీళ్లు తాగించారు. అబ్బాస్ అలీ, ఏసమ్మ పక్కకుపోయి ఏం చేద్దామా అని మాట్లాడుకుంటుంటే రామలింగయ్య రాయి మీద అతని పక్కనే కూర్చున్నాడు. ముక్కుపొడి డబ్బీ తీసి, పీల్చకుండానే మళ్లీ జేబులో పెట్టాడు.

"పోయిన వారం నాకు ఏం సెయ్యల్నో తోసలేదప్పా," అన్నాడు. "తోసక పోసినా. ఇంటికి పోయినాక నాకే ముద్ద దిగలేదు. ముప్పై ఏండ్లు మిల్లు గేటుకాడ కూసున్నా, నువ్వు నా ముందు పోని దినం లేదు. నీ పేరు నేను ఏనాడూ పిలిసిందే లేదు. హమాలీ అనే అన్నా."

ఉరుకుందప్ప తన అరచేతికేసి చూసుకున్నాడు.

"నేను సాపలేదన్నా," అన్నాడు. "అదే సాపుకుంది."

గుమాస్తయ్యను అన్నా అనడం అదే మొదలు. అన్నాక ఇద్దరికీ మొహాలు చూసుకోవడం కష్టమైంది. రామలింగయ్య లేచి కండువాతో మొహం తుడుచుకున్నాడు.

ఊపిరి కుదుటపడింది. ఏసమ్మ మళ్లీ నాడి చూసి, అతని మాట కాదనలేక, కోటగోడ దాకా వద్దు, పై మెట్ల దాకా పోయి వెంటనే వచ్చేద్దామన్నది. కదలకుండా కూర్చోమని అతనికి గట్టిగా చెప్పి ముగ్గురూ పైకి నడిచారు.

ఒక్కడే మిగిలాక ఉరుకుందప్ప కిందికి చూశాడు. ఊరంతా కనబడుతోంది. మిల్లుల రేకులు, పొగగొట్టాలు, మార్కెట్ యార్డు, స్టేషన్లో ఆగిన గూడ్సు బండి. యార్డులో తెల్లగా కుప్పలున్నాయి. ఇక్కడికి అవి పిడికెడు బొరుగులంత ఉన్నాయి. దీనికోసమా మెడ ఇట్లా అయింది అనుకున్నాడు, అనుకుని నవ్వొచ్చింది.

నెత్తిన చుట్ట ఇంకా ఉంది. బరువే లేనప్పుడు చుట్టెందుకు? తీసి రాయి మీద పెట్టాడు. తల మీద గాలి ఆడింది. అటూ ఇటూ చూశాడు. పైన వాళ్లు కనబడడం లేదు, కింద ఎవరూ రావడం లేదు. మెల్లగా లేచి, మలుపు ఈ కొస నుంచి ఆ కొసకు నడిచాడు. చేతులు ఊపాడు. మొదట కుడికాలితో కుడిచేయే పోయింది. ఆగి, మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి కుదిరింది. నాలుగు అంగలు, ఐదు, ఆరు. సీతాఫలం చెట్టు కింద మేక ఒకటి నమలడం ఆపి చూసింది. దాన్ని చూసి అతనికి సిగ్గేసింది, కానీ ఆ సిగ్గు ఇన్నాళ్ల సిగ్గులాంటిది కాదు. మళ్లీ వచ్చి రాయి మీద కూర్చున్నాడు. రొమ్ము బరువుగా ఉంది. కాసేపు కన్ను మూస్తే బాగుండుననిపించి, వెనకరాతికి ఆనుకున్నాడు.

వాళ్లు అరగంటలో దిగొచ్చారు. దూరం నుంచే అబ్బాస్ అలీ, "నిద్రపోతాండావా ఉరుకుందప్పా?" అని అరిచాడు. ఏసమ్మ మాత్రం అంత దూరం నుంచే నడక వేగం పెంచింది. అతని చేతులు రాయికి రెండు పక్కలా వేలాడుతున్నాయి, ఖాళీగా. ఆమె మెడ దగ్గర వేళ్లు పెట్టి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పైకి పోవొద్దని నేను అనల్సింది," అన్నది. ఆ మాట ముగ్గురిదీ.

జంఖానా పరిచి అతన్ని అందులో పెట్టారు. కేకేస్తే గుడి దగ్గర పూలమ్మే నాగన్న పరుగున వచ్చి ఒక కొస భుజానికెత్తుకున్నాడు. తక్కిన మూడు కొసలూ మిగిలిన ముగ్గురివీ. ఆడమనిషి మోయొచ్చునా అని ఎవరూ అనలేదు. రామలింగయ్య పుట్టి బుద్ధెరిగాక భుజాన ఇంత బరువు మోసింది లేదు. భుజం కోసుకుపోతున్నా మార్చుకోలేదు.

కొండ మొదట్లో, వారం వారం సంచి దించే చోటే, ఊపిరి తీసుకోవడానికి దించారు. మద్దమ్మకు చెప్పడానికి నాగన్న ముందు పోయాడు. పాడె మధ్యలో దించినప్పుడు పోయినవాడి చెవిలో మూడుసార్లు పేరు పిలవడం ఆచారం, పలికితే పలుకుతాడని. దింపుడు కళ్లం ఆశ అంటారు. ఇది పాడె కాదు, వాళ్లు అతని చుట్టాలూ కాదు. అయినా రామలింగయ్య దుమ్ములో మోకాళ్ల మీద కూర్చుని అతని చెవి దగ్గరికి వంగాడు.

"ఉరుకుందప్పా," అన్నాడు. ఆగాడు. "ఉరుకుందప్పా." మూడోసారికి కండువా తీసి అతని మొహం మీది దుమ్ము తుడిచాడు. తుడిచి, "అన్నా," అన్నాడు.

మరుసటి బుధవారం ముగ్గురూ ఎక్కారు. ఎక్కాలనిపించలేదు, ఇంట్లో కూర్చోవాలనీ అనిపించలేదు. మలుపు దగ్గరికి వచ్చాక రామలింగయ్య సంచి రాయి మీద దించబోయి, ఆగి, మళ్లీ భుజానికే వేసుకున్నాడు. రాయి మీద తువ్వాలు చుట్ట పెట్టింది పెట్టినట్టే ఉంది, వారం ఎండకు వెలిసి, నడుమ తలంత గుంటతో.