పాలపన్ను

దోసెల పిండి కోసం ఫ్రిజ్ తెరిచిన యశోదకు గిన్నె వెనకున్న ఐసు డబ్బా మూత ఊడి కనిపించింది. లోపల సీసా లేదు. పెరుగు గిన్నె జరిపింది, కూరగాయల అర లాగి టమాటాలు కింద పోసింది. ఎక్కడా లేదు. ఆ సీసాలో ఆమె కూతురు మల్లిక పాలపన్ను ఉంది. ఊగులాడుతున్న పన్నును నిన్న సాయంత్రం తనే మెల్లగా తీసి, తను పరిశోధన చేసే ల్యాబు నుంచి తెచ్చుకున్న మందునీళ్ళలో వేసి పెట్టింది. ఈ పొద్దు సూర్యాపేటలో బస్సెక్కి దాన్ని హైదరాబాదు చేర్చాలి.

"అత్తమ్మా, ఫ్రిజ్‌ల సీసా సూసిండ్రా?"

వాకిట్లో చేతులు కడుక్కుంటున్న కాటమ్మ నవ్వింది. "పిల్ల పన్నే కదా? పేడల పెట్టి ఇంటి మీదికేసిన. మంచి పండ్లు మొలవాలె కదా బిడ్డా. నిడమనూరుల మా పిల్లలందరియి గట్లనే ఏసినం."

మేడెక్కి వెతికి తెచ్చినా లాభం లేదు. పేడలో ముంచిన పన్నులో ఇక క్రిములు తప్ప ఏముంటాయి?

పన్ను పుచ్చితే గీకి నింపాలి, కుదరకపోతే పీకాలి. ఆమె మొగుడు సంతోష్ కింది అంతస్తులో క్లినిక్ పెట్టి చేసే వైద్యం అదే. యశోద చేస్తున్నది వేరు. ప్రొటీన్ల చిన్న చిన్న ముక్కలు నీళ్ళలో తమంతట తామే అల్లుకుని, చల్లారిన గంజిలా జెల్ అవుతాయి. ఆ జెల్ పన్నులోని క్రిముల్ని చంపాలి, బతికున్న కణాలకు చోటిచ్చి లోపలి గుజ్జును మళ్ళీ పెంచాలి. క్రిములు చస్తున్నాయని తేలింది. కణాలు బతుకుతాయా అన్నదే మిగిలింది. ఆసుపత్రి నుంచి వచ్చిన పళ్ళన్నీ పుచ్చినవే, వాటి కణాలు గాజు పళ్ళెంలోనే కుళ్ళిపోయాయి. ఈ వారం కూడా మంచి పన్ను తేకపోతే నీ చోటు ఇంకొకరికి ఇవ్వక తప్పదని ల్యాబు మేడం మొహం మీదే చెప్పింది.

ఈ పిచ్చి ఆమెకు పుట్టినూరు చివ్వెంలలో పట్టింది. తండ్రి ఐలయ్య గొర్రె నోరు తెరిచి పళ్ళు చూసి వయసు చెప్పేవాడు. పళ్ళూడిన గొర్రె మేయలేదని అంగడికి తోలేవాడు. తోలిన ప్రతిసారీ చిన్న యశోద ఏడ్చేది. ఊడిన పళ్ళు మళ్ళీ రావా నాయనా అని అడిగేది.

పెళ్ళిచూపుల్లో ఈ మాట చెబితే సంతోష్ మురిసిపోయాడు. "ఇద్దరం పండ్లోళ్ళమే" అన్నాడు. ఆ మురిపెం క్లినిక్‌లో పనిచేసే జానకి మానేసే దాకా నిలిచింది. ఆ తరువాత ఇంకో మనిషిని పెట్టలేదు. ఇంట్లో యశోద ఉండగా ఎందుకు? నెత్తురంటిన పనిముట్లు కడిగేది ఆమె, ఉడకబెట్టేది ఆమె, వరసగా పేషెంట్లను పిలిచేది ఆమె. వాళ్ళు ఆమెను సిస్టరమ్మా అంటే సంతోష్ ఒక్కసారి కూడా దిద్దలేదు. కోదాడలో తోటి డాక్టర్ల ముందు "మా ఆవిడ పట్నంల జెల్లీ చేస్తది" అని నవ్వించాడు. ఆ నవ్వుల మధ్య ఆమె కూడా నవ్వింది. అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఉగాది నుంచి ఆమె జ్ఞానదంతం సలుపుతోంది. ఎక్స్‌రే చూసి, "పన్ను మంచిగనే ఉంది, అడ్డం మొలిచింది. పీకాలె. తీరికైనప్పుడు సూద్దాం" అన్నాడు. ఊరందరి పళ్ళకూ దొరికే తీరిక పెళ్ళాం పన్నుకు ఇంతవరకూ దొరకలేదు. దవడలో లవంగం పెట్టుకుని ఆమె అతని పనిముట్లు కడుగుతూనే ఉంది.

"నన్నొక్క మాట అడగాలె కదా అత్తమ్మా! అది నా పని!" గొంతు ఇల్లంతా వినిపించేలా అరిచింది.

కాటమ్మ బిత్తరపోయింది. "నా మీద ఒర్రుతవేంది? ఫ్రిజ్‌ల ఎందుకు పెట్టినవో నాకేం ఎరుక? సంతోషే తెచ్చి నా చేతుల పెట్టిండు. ఇంటి మీదికెయ్యి అమ్మా అన్నడు."

ఆ పన్ను దేనికో ఈ ఇంట్లో యశోద తరువాత తెలిసిన మనిషి అతనొక్కడే.

సంతోష్ తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ వచ్చాడు. దొంగతనం బయటపడ్డ మొహమేమీ కాదది. "ఏమైందిప్పుడు? బిడ్డ పన్ను మీద ప్రయోగాలేంది? ఎన్నొద్దుల సంది చెప్తున్న, క్లినిక్‌ల కూసొమ్మని. వదిలెయ్. ఇగ ఖతం."

"నీ పెండ్లాం మీద కోపముంటె నా చేతులతోని చేయిస్తవురా?" అంది కాటమ్మ. తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూనే ఉంది.

యశోద అరిస్తే ఆడదానికి పూనకమంటాడు, ఏడిస్తే ఊరడిస్తాడు. రెండూ అతనికి అలవాటే. ఆమె కొత్త సీసాలో మందునీళ్ళు పోసింది, డబ్బాలో ఐసు సర్దింది, మల్లికను లేపి ముద్దు పెట్టుకుంది, చెప్పులేసుకుంది.

"దోసెలెవరు పోస్తరు? క్లినిక్ ఎవరు తెరుస్తరు? ఖాళీ సీస పట్టుకొని ఎటు వోతున్నవ్?" అడిగాడు సంతోష్.

"పన్ను పీకించుకోనీకి."

"ఏం పన్ను?"

"మీకు తీరిక దొరకని పన్ను. పట్నంల దవాఖానల పీకించుకొని, తీసింది తీసినట్టు సీసల వేసుకొని ల్యాబుకు పోత." గడప దాటి వెనక్కి తిరిగింది. "ఇది ఫ్రిజ్‌ల లేదు, నా దవడల ఉంది. తీసి మీ అమ్మ చేతుల పెట్టుండ్రి, సూద్దాం."