నాకు చీర కట్టిన వనిత

నేను ఒక సగం మనిషిని. తల, మెడ, ఛాతీ, అంతే. నడుము దగ్గర నన్ను ఆపేశారు. చేతులు లేవు, కాళ్లు లేవు. అయినా ఈ లోకంలో నాకన్నా ఎక్కువసార్లు చచ్చినవాడు లేడు. పొద్దున పదింటికి మొదలుపెడితే సాయంత్రం లోపల నలభై సార్లు చచ్చేవాణ్ని. నలభై సార్లూ ఎవరో ఒకరు నన్ను బతికించేవాళ్లు. బతికించి, చేతులు దులుపుకుని, చాయ్ తాగడానికి వెళ్లిపోయేవాళ్లు. నేను లేచానో లేదో వెనక్కి తిరిగి చూసినవాళ్లు తక్కువ.

అంబులెన్సులో పనిచేయబోయేవాళ్లు నా మీద నేర్చుకునేవాళ్లు. గుండె ఆగిన మనిషి ఛాతీని ఎలా నొక్కాలో, నోట్లోకి ఊపిరి ఎలా ఊదాలో నేర్పడం నా పని. నా ఛాతీలో ఒక స్ప్రింగు ఉంది. రెండు అంగుళాల లోతుకు నొక్కితే అది 'టక్' అంటుంది. తక్కువ నొక్కితే అనదు. మొహమాటానికి అనదు, బతిమాలినా అనదు. నాకున్న నోరు అదొక్కటే.

నన్ను ఒక ఫ్యాక్టరీలో అచ్చు పోశారు. నా కనురెప్పలు గీసిన అమ్మాయి ఆ రోజు నాలాంటి రెండు వందల మందికి గీసింది. నా వంతు వచ్చేసరికి ఆమెకు ఆకలి వేసినట్టుంది, ఎడమ రెప్ప వంకర పోయింది. అందుకే చచ్చి పడి ఉన్నప్పుడు కూడా నాకు ఒక కన్ను నవ్వుతున్నట్టు ఉంటుంది. నన్ను మగవాడిగా చేశారు. ఎవరూ ఆలోచించి చేసినట్టు లేదు. మనిషి అంటే మగవాడే అనుకున్నాడు అచ్చు చేసినవాడు.

మొదట నన్ను కొన్నది ఒక నర్సింగ్ కాలేజీ. అక్కడ నన్ను అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశారు. తనిఖీకి వచ్చినవాళ్లు నన్ను చూసి తలాడించి భోజనానికి వెళ్లేవాళ్లు. నాలుగేళ్లు నా మీది ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు. నేర్చుకునే పిల్లలు అద్దం బయట నిలబడి నన్ను చూసి నేర్చుకున్నారు. ఈత కొట్టేవాణ్ని గట్టు మీద నుంచి చూసి ఈత నేర్చుకున్నట్టు. ఆ కాలేజీ మూతపడ్డాక బెంచీలతో పాటు నన్నూ అమ్మేశారు. అలా జగిత్యాల వైపు ఒక చిన్న ఊళ్లో, అంబులెన్సు శిక్షణ ఇచ్చే రెండు గదుల కేంద్రానికి వచ్చాను.

అక్కడ నేర్పే సారు భూమయ్య. సైన్యంలో ఇరవై ఏళ్లు గాయాలకు కట్లు కట్టి వచ్చిన మనిషి. వచ్చిన రోజే నా కవరు చింపి, మోకాళ్ల మీద కూర్చుని నొక్కాడు. పుట్టిన నాలుగేళ్లకు నేను మొదటిసారి 'టక్' అన్నాను.

పిల్లలు నాకు బామ్మర్ది అని పేరు పెట్టారు. "బామ్మర్దీ, లేస్తున్నవా?" అంటూ నా భుజాలు తట్టేవాళ్లు. ఆ మొదటి జట్టులో రాజేశం అని ఒక పిల్లవాడు ఉండేవాడు. ఎంత బాగా నొక్కేవాడంటే, ముప్పై సార్లు నొక్కితే ముప్పై సార్లూ మోగేవాణ్ని నేను. మొదటి బహుమతి వాడిదే. ఆ రోజు నాకూ గర్వంగా అనిపించింది. ఆ గర్వం తర్వాత నాకు అరగలేదు. ఆ సంగతికి వస్తాను.

రెండేళ్లు గడిచాక వచ్చిన జట్టులో ఇరవై మంది మగపిల్లలు, ఇద్దరు ఆడవాళ్లు. ఇద్దరిలో పెద్దది వనిత. ముప్పై ఒక్కటి దాటింది. పదహారేళ్లు బీడీలు చుట్టి, చుట్టుకుంటూనే ఓపెన్‌లో ఇంటర్ పాసై వచ్చింది. ఆమె బొటనవేలి గోరు అరిగిపోయి ఉండేది. చేతులకు తంబాకు వాసన. నాకు ముక్కు ఉంది కాని వాసన తెలియదు. పిల్లలు అనుకుంటుంటే విన్నాను.

మొదటి రోజు అందరిలా నా భుజాలు తట్టింది. కాని బామ్మర్దీ అనలేదు.

"అమ్మా, అమ్మా, ఇంటున్నవా?" అంది.

గది గొల్లున నవ్వింది. "మీసం లేకుంటె అమ్మ అయితడా వనితక్కా?" అన్నాడు శేఖర్ అనే పిల్లవాడు. జట్టులో అందరికంటే చురుకైనవాడు.

ఆమె పట్టించుకోలేదు. నొక్కడం మొదలుపెట్టింది. బలం ఉంది. ఒకటి, రెండు, మూడు, వరసగా మోగాను. ఇరవై అయిదు దగ్గర ఆమె చేతులు వాటంతట అవే ఆగిపోయాయి. పైకి లేచి, లేని దారాన్ని చుడుతున్నట్టు వేళ్లు గాలిలో తిరిగాయి.

"ముప్పై," అన్నాడు భూమయ్య సార్. "ముప్పై నొక్కినంక రెండు ఊపిర్లు. ఎందుకు ఆపినవ్?"

ఆమె తన చేతుల వంక చూసుకుంది. "కట్టకు ఇరవై అయిదు బీడీలు సార్. ఇరవై అయిదు కాంగనె చెయ్యి దారం దిక్కు పోతది."

మళ్లీ నవ్వారు. మరునాడు కూడా ఇరవై అయిదు దగ్గరే ఆగింది. వారం తర్వాత కూడా. ఇరవై ఆరు అనే అంకె ఆమె చేతులకు తెలియదు.

ఒక మధ్యాహ్నం మగపిల్లలు భోజనాలకు వెళ్లాక, రెండో ఆడపిల్ల సుగుణ అడిగింది: "అక్కా, బొమ్మను అమ్మా అని ఎందుకంటవ్?"

వనిత డబ్బా మూత తీస్తూ చెప్పింది. ఆమె తల్లి లసుమవ్వ కూడా బీడీలు చుట్టేదే. నిరుడు కార్ఖానాలో కట్టలు అప్పజెప్పడానికి వరసలో నిలబడి ఉండగా కూలిపోయింది. పగటి పూట. చుట్టూ ముప్పై మంది.

"ఉల్లిగడ్డ వాసన చూపెట్టిన్రు. చేతుల తాళంచెవి పెట్టిన్రు. నీళ్లు చల్లిన్రు. అంబులెన్సుల చేసే పిలగాడు ఒకడు ఆ రోజు డ్యూటి లేక సుట్టిల ఉండి ఆడికే వచ్చిండు, మా వాడ పిలగాడే. రాజేశం. అమ్మ పక్కన మోకాళ్ల మీద కూసున్నడు. చేతులు జాపిండు. పైట మీద దాక వచ్చినయి చేతులు. మల్ల ఎనక్కి తీస్కున్నడు. 'ఆడోళ్లు ఎవలన్న రాండ్రి' అన్నడు. ఆడోళ్లకు ఎవలికి వస్తది? అంబులెన్సు వచ్చేసరికి అయిపోయింది."

"వానికి రాదా?" అంది సుగుణ.

"రాక కాదు. చుట్టూ మంది. నలుగురు ఏమనుకుంటరో అని. అంతే."

రాజేశం. ముప్పైకి ముప్పై మోగించినవాడు. వాడికి నేర్పింది నేను. చీర లేని, జాకెట్టు లేని, చదునైన ఈ మగ ఛాతీ మీద నేర్పాను. సగమే నేర్పాను. నేను సగం మనిషినే కాదు, సగం పాఠాన్ని కూడా.

మరునాడు వనిత ఒక సంచి తెచ్చింది. అందులో తల్లి చీర, జాకెట్టు. చిలకపచ్చ నేత చీర, అంచు వెలిసింది. నా ఛాతీ మీద రెండు పాతగుడ్డల ఉండలు పెట్టి జాకెట్టు తొడిగింది. జాకెట్టు ఖాళీ చేతుల్లో గుడ్డలు కుక్కింది. చీర చుట్టి, పైట వేసి, పిన్నీసు పెట్టింది.

పిల్లలు కడుపు పట్టుకుని నవ్వారు. "బామ్మర్ది పెండ్లిపిల్ల అయిండురో," అన్నాడు శేఖర్.

భూమయ్య సార్ నవ్వలేదు. "ఇదేందమ్మా?"

"ఆడమనిషి సార్. ఊళ్లె సగం మంది ఆడోళ్లే కద."

"సిలబస్‌ల లేదు. తియ్యి."

ఆ రోజు తీసింది. పది రోజులకు జరిగిన పరీక్షలో ఇరవై అయిదు దగ్గర ఆగి ఫెయిలైంది. నెల తర్వాత ఇంకొక్క అవకాశం. అది కూడా పోతే ఇక రావడానికి లేదు, వయసు దాటిపోతుంది. "ఎందుకమ్మా ఈ తిప్పలు, నీకు చేతిల పని ఉన్నది కద," అన్నాడు సార్. మంచికే అన్నాడు. మనుషులు చెడ్డ మాటలు చాలావరకు మంచికే అంటారు.

ఆ నెల రోజులూ ఆమె అందరికంటే ముందు వచ్చి నన్ను నొక్కింది. ఏం లెక్కపెడుతోందో నాకు వినిపించేది కాదు. పెదవులు మాత్రం కదిలేవి.

పరీక్ష పెట్టడానికి కరీంనగర్ నుంచి ఒక ముసలి డాక్టరు వచ్చాడు. తక్కువ మాట్లాడే మనిషి. మళ్లీ పరీక్ష రాసేవాళ్లు నలుగురు. జట్టంతా గోడ వెంట నిలబడి చూస్తోంది. వనిత వంతు వచ్చింది. ఆమె సంచి విప్పి, నాకు జాకెట్టు తొడగడం మొదలుపెట్టింది.

భూమయ్య సార్ ముఖం మాడిపోయింది. "అమ్మా, నీకు చెప్పిన. అది తీసి చెయ్యి. లేకుంటె పరీక్షకు రాలేదని రాస్త."

ఆమె చేతులు ఆపలేదు. పిన్నీసు పెట్టాకే తలెత్తింది.

"తియ్య సార్. రాసుకోండ్రి. బట్టలు లేని మగబొమ్మను లేపుడు ఈ ఊళ్లె అందరికి వచ్చు. మా అమ్మను లేపుడే ఎవలికి రాలె. నేను నేర్చుకున్నది అదే, చూపెట్టేది అదే. ఫెయిల్ చేస్తె దీని మీదనే చెయ్యిండ్రి."

సార్ డాక్టరు వంక చూశాడు. డాక్టరు చేతి గడియారం వంక చూసుకున్నాడు.

"టైం మొదలైంది," అన్నాడు.

వనిత నా పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. భుజాలు తట్టింది. "అమ్మా, అమ్మా, ఇంటున్నవా?" ఎవరూ నవ్వలేదు. ఊపిరి చూసింది. తల తిప్పి గోడ దగ్గరి మగపిల్లలతో అంది:

"ఊకె చూసుకుంట నిలవడకుండ్రి. శేఖర్, నువ్వు అంబులెన్సుకు ఫోన్ చెయ్యి. మీరు నలుగురు ఇటు రాండ్రి. చుట్టు నిలవడి నాకు చాటు పట్టుండ్రి. మొఖాలు అటు తిప్పుండ్రి."

పొలాల్లో ఆడమనిషికి నొప్పులు వస్తే తోటి ఆడవాళ్లు చీరలు అడ్డం పట్టి చాటు చేస్తారు. అది ఈ వైపు ఎప్పటి నుంచో ఉన్న పద్ధతే. మగవాళ్లతో ఆ చాటు పట్టించింది వనితే. గుడ్లప్పగించి చూసే గుంపు రెండు క్షణాల్లో గోడ అయింది.

ఆమె పైట తీసింది. పైటను నలుగురి చేతుల్లో పెట్టింది. కత్తెరతో జాకెట్టును మధ్యకు కత్తిరించింది, గుండెకు కరెంటు ఇచ్చే యంత్రం రేకులు ఒంటికి అంటించాలంటే అలాగే చేయాలి. కత్తెర తల్లి జాకెట్టులో ఎక్కడా ఆగకుండా అడుగు దాకా దిగింది.

నొక్కింది. టక్, టక్, టక్. నేను జీవితంలో అంత గట్టిగా మోగలేదు. ఇరవై మూడు, ఇరవై నాలుగు, ఇరవై అయిదు. చేతులు పైకి లేవబోయాయి. అప్పుడు మొదటిసారి ఆమె లెక్క నాకు వినిపించింది.

"అమ్మకు ఒకటి. అమ్మకు రెండు. అమ్మకు మూడు. అమ్మకు నాలుగు. అమ్మకు అయిదు."

తర్వాత రెండు ఊపిర్లు. మళ్లీ ఇరవై అయిదు, మళ్లీ అమ్మకు అయిదు. రెండు నిమిషాలు.

డాక్టరు కాగితం మీద ఏమీ రాయలేదు. నా పైట మళ్లీ వేసి, పిన్నీసు పెట్టి, శేఖర్‌ని పిలిచాడు. "నువ్వు పాసైనవా?"

"ఫస్ట్ సార్."

"రా. పైట మల్ల వేసిన. నువ్వు చెయ్యి."

శేఖర్ కూర్చున్నాడు. చేతులు జాపాడు. పిన్నీసు మీద అంగుళం ఎత్తున ఆగిపోయాయి. చెవులు ఎర్రబడ్డాయి. డాక్టరు గడియారం చూస్తూ "పది సెకండ్లు," అన్నాడు. "ఇరవై." ఇంకొంచెం ఆగి, "లే. ఆమె పాసు," అన్నాడు. భూమయ్య సార్ వైపు తిరిగి, "చీర ఎవరిది?" అని అడిగాడు.

"మా అమ్మది సార్," అంది వనిత. "ఇగ ఇక్కడ్నే ఉంటది."

ఉంది. తెగిన జాకెట్టుకు సుగుణ హుక్కులకు బదులు ఒత్తుడు గుండీలు కుట్టింది, రోజూ కత్తిరించనక్కర లేకుండా. భూమయ్య సార్ ఆ రోజు నుంచి సిలబస్ మాట ఎత్తలేదు. మారానని ఒప్పుకోలేదు కూడా. కొత్త జట్టు వచ్చినప్పుడల్లా ఆయనే పైట సర్దేవాడు.

మూడేళ్ల తర్వాత పాతవాళ్లను మళ్లీ పరీక్షించడానికి పిలిచారు. అందులో రాజేశం వచ్చాడు. కొంచెం లావయ్యాడు. గుమ్మంలోనే నన్ను చూసి నిలబడిపోయాడు.

"ఈ చీర నేను చూసిన సార్," అన్నాడు.

"చూసినవా," అన్నాడు సార్. "అయితె చెయ్యి."

రాజేశం మోకాళ్ల మీద కూర్చున్నాడు. మొదటిసారి మెల్లగా నొక్కాడు. నేను మోగలేదు. రెండోసారీ మోగలేదు. వాడి కళ్లలో నీళ్లు నా మెడ మీద పడ్డాయి. దానికీ మోగలేదు. మూడోసారి మోచేతులు నిటారుగా పెట్టి, ఒంటి బరువంతా వేసి నొక్కాడు. అప్పుడు మోగాను. ముప్పై దాకా మోగాను. క్షమించానని ఎవరైనా అనుకుంటే అది వాళ్ల ఇష్టం. క్షమించడం నా పని కాదు. సరిగ్గా నొక్కితే మోగడం నా పని.

ఇప్పుడు నేను సామాన్ల గదిలో ఉన్నాను, చక్రం ఊడిన స్ట్రెచరు పక్కన. బల్బులు వెలిగే కొత్త బొమ్మ వచ్చింది. నన్ను తుక్కు కింద రాశారు. మొన్న భూమయ్య సార్ వచ్చి నా ఒంటి మీది చీర విప్పి దానికి కట్టాడు. గోడ అవతల నుంచి రోజూ ఒక మాట వినిపిస్తుంది: "చాటు పట్టుండ్రి. మొఖాలు అటు తిప్పుండ్రి." వనిత అంబులెన్సు మెట్‌పల్లి రోడ్డు మీద తిరుగుతోందట. ఆ మాట అక్కడా వినిపిస్తుందని, కేంద్రానికి వచ్చినప్పుడు సుగుణ ఎవరితోనో అంటుంటే విన్నాను.

తుక్కు బండివాడు రేపో మాపో వస్తాడు. నన్ను ఎత్తేటప్పుడు ఛాతీ మీద చెయ్యి వేస్తాడు. స్ప్రింగు ఇంకా విరగలేదు. గట్టిగా వేస్తే మోగుతాను. మెల్లగా వేస్తే మోగను. వాడైనా అంతే.