రెండుసార్లు పడ్డ ఉప్పు

చదువరులారా, ఒకే గుడిలో గొంతు కలిపి పాడి, గడప దాటగానే వేరువేరు కుండల్లో నీళ్లు తాగేవాళ్లను మీరెప్పుడైనా చూశారా? 1931లో కంభం దగ్గర ఒక ప్రెస్బిటేరియన్ క్రైస్తవ సంఘం వారు అచ్చంగా అట్లాగే ఉండేవారు. ఆ ఊరి రెండు వాడలైన పైపాలెం వాళ్లూ కిందిపాలెం వాళ్లూ క్రైస్తవులైతే అయ్యారు గాని, కులం పట్టింపులను మాత్రం భద్రంగా మూటగట్టి వెంట తెచ్చుకున్నారు.

ఆ ఏడు యర్రగొండపాలెం అవతల చెంచుగూడెంలో బడి పెట్టాలని చుట్టుపక్కల సంఘాలన్నీ తీర్మానించాయి. చదువు చెప్పడానికి పైపాలెం దీనమ్మ, కాన్పులు చేయడానికి కిందిపాలెం మాలకొండమ్మ కలిసి వెళ్లాలి. దీనమ్మ సంతోషానికి పట్టపగ్గాల్లేవు. ఆమె తండ్రి ఏబేలు సంఘ పెద్ద. ఆయన మొండికేశాడు.

"రెండు పొయ్యిలైతే పంపుతా. లేకుంటే పిల్ల ఇల్లు కదలదు."

"నాయనా, ఆడ ఉండేది ఒక్క గుడిసె. రెండో పొయ్యి నా నెత్తిన పెట్టుకోవాల్నా?" అని దీనమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది.

పాస్టరు కరుణాకరంగారు తొందరపడలేదు. కోతల పండుగకు గిద్దలూరు, మార్కాపురం పెద్దలు వస్తారు, ఆ రోజే తేల్చుకుందామన్నారు. విందుకు మాత్రం అందరికీ ఒకే గంగాళంలో వంకాయ పులుసు కాగాలని పట్టుబట్టారు. బయటి పెద్దల ముందు పరువు పోతుందని ఏబేలు ఒప్పుకున్నాడు. అయినా నీళ్లకుండలు రెండు పెట్టించాడు, మహానుభావుడు!

ఇక వంట సంగతి వినండి. గంగాళానికి ఇటు పైపాలెం ఆడవాళ్లు, అటు కిందిపాలెం ఆడవాళ్లు. మాటామంతీ లేదు. ఇటువాళ్లు ఉప్పు వేశారు. వేశారా అని ఒక్క మాట అడిగితే నోటి ముత్యాలు రాలతాయి కదా, అటువాళ్లూ వేశారు!

మొదటి ముద్దకే మార్కాపురం పెద్దాయన కళ్లు తేలేశాడు. విస్తరి వదిలేస్తే మర్యాద కాదని అందరూ ఎలాగో మింగారు. ఆపైన చూడాలి దాహం! పైపాలెం కుండ క్షణంలో ఖాళీ అయింది. ఏబేలుకు చుక్క దొరకలేదు. గొంతు పట్టుకుని దగ్గుతున్నాడు. మాలకొండమ్మ ముంతనిండా నీళ్లు తెచ్చి ఎదుట నిలబడింది.

"మామా, ఇవి మా కుండ నీళ్లు. తాగుతావా, దగ్గుతానే ఉంటావా?"

ఏబేలు ముంత వైపు చూశాడు. పెద్దల వైపు చూశాడు. చటుక్కున అందుకుని గటగటా తాగేశాడు.

"ఇంకో ముంత పొయ్యమ్మా తల్లీ!"

పందిరంతా గొల్లున నవ్వింది. ఏబేలు కూడా నవ్వాడు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు.

"నాకు సిగ్గుగా ఉందమ్మా. ఇన్నాళ్లు నిన్ను దూరం పెట్టినా. నువ్వేమో నా దగ్గు చూసి ఉరికొచ్చినావు. ఒక్క పొయ్యి చాలు. నా బిడ్డను నీ చేతుల్లో పెడుతున్నా. సోమవారమే పోండి."

దీనమ్మ "అక్కా!" అంటూ మాలకొండమ్మను కౌగిలించుకుంది. కరుణాకరంగారు లేచి నిలబడ్డారు.

"చెంచుబిడ్డలకు ప్రేమను గురించి చెప్పబోతున్నాం. సాటి మనిషి చేతి నీళ్లు తాగలేనివాడికి ఆ మాట చెప్పే అర్హత లేదు."