అందరికీ నచ్చే లూసెత్

గాజు అరల్లోని సెంటు సీసాలను ఒక్కొక్కటే తీసి, మెత్తటి గుడ్డతో తుడిచి పెడుతోంది ఒదీల్. ఫ్రాన్సులోని ఆరాస్ ఊళ్ళో గంటస్తంభం సెంటరు పక్కనున్న ఆ చిన్న దుకాణంలో పెళ్ళికి ముందు నుంచీ ఆమె చేస్తున్న పని అది. పొట్టి మనిషి, దుకాణంలో ఉన్నంతసేపూ ఎత్తు మడమల జోడు వేసుకుని తిరుగుతుంది. నెరిసిన జుట్టు బిగించి ముడి వేసుకుంటుంది. లూసెత్ సీసాల దగ్గరకు వచ్చేసరికి ఆమె చెయ్యి కాస్త నెమ్మదించింది.

లూసెత్ గొప్ప సెంటేమీ కాదు. మొదట పియర్ పండు, ఆ వెనక పీచ్, తరవాత పియోనీ పూలు, చివర్లో ఉతికి ఆరేసిన దుప్పటి వాసన. సెంట్ల గురించి తమకే తెలుసనుకునేవాళ్ళు మూతి తిప్పుతారు. తిప్పనివ్వండి. ఈ ఊళ్ళో సగంమంది ఆడపిల్లలకు మొదటి సెంటు అదే. బస్సులో పక్కసీటువాళ్ళను ఇబ్బంది పెట్టదు, అత్తగారి ముందు అతి చెయ్యదు, ఎవరితోనైనా ఇట్టే కలిసిపోతుంది. ఒదీల్ కూడా అలాంటి మనిషే. ఆమె అంటే గిట్టనివాళ్ళు లేరు. ఆమె సెలవు పెడితే గమనించేవాళ్ళూ లేరు.

పోయిన చలికాలం జ్వరం వచ్చి తగ్గింది. పోతూ పోతూ వాసనను కూడా పట్టుకుపోయింది. కాఫీ ఉత్త వేడినీళ్ళయింది. పియర్ పండు కొరికితే నోట్లో తియ్యటి నీళ్ళు, అంతే. డాక్టరు పెదవి విరిచాడు. ఆమె ఎవరికీ చెప్పలేదు. వాసన తెలియని మనిషిని సెంటు దుకాణంలో ఎవరుంచుకుంటారు? పింఛనుకు ఇంకా ఏళ్ళున్నాయి. కంఠతా వచ్చిన మాటలతోనే నెట్టుకొస్తోంది. తాను రాసుకునే లూసెత్ ఎంత పడిందో తెలియక, మెడ మీద తడి తగిలేదాకా చల్లుకుంటోంది. కొనడానికి వచ్చినవాళ్ళు ఓ అడుగు వెనక్కి జరిగి మాట్లాడటం ఆమె చూడకపోలేదు.

మధ్యాహ్నం ఒకావిడ పదమూడేళ్ళ కూతురు క్లెమాన్స్‌ను వెంటబెట్టుకొచ్చింది.

"దీని పుట్టినరోజండీ. మా అమ్మ నాకు మొదటి సెంటు మీ దగ్గరే కొంది. లూసెత్."

ఒదీల్ ముఖం విప్పారింది. "దా తల్లీ, చెయ్యి ఇలా ఇవ్వు."

అమ్మే మనిషి మొదట తన మణికట్టు మీద చల్లుకుని, వాసన చూసి, ఓ మంచి మాట చెప్పడం అక్కడి పద్ధతి. కిటికీ దగ్గరున్న నమూనా సీసా తీసి ఒదీల్ అలాగే చేసింది. కళ్ళు మూసుకుంది.

"ఆహా! ఇప్పుడే కోసిన పియర్ పండులా లేదూ?" అని పిల్ల చేతి మీదా చల్లింది.

క్లెమాన్స్ ముక్కు మూసుకుంది. "ఛీ, అమ్మా! పూలు కుళ్ళిన నీళ్ళ కంపు."

"నోర్ముయ్యవే," అంటూ తల్లి వంగి వాసన చూసి, తనే నోరు మూసుకుంది.

"మొదట్లో అలాగే ఉంటుందమ్మా. కాస్త ఓపిక పట్టు, పీచ్ వస్తుంది చూడు."

పీచ్ ఎక్కణ్ణుంచి వస్తుంది? వేసవంతా ఎండ తగిలి ఆ సీసా ఎప్పుడో పులిసిపోయింది. ముక్కున్న వాళ్ళెవరైనా దాన్ని పారేసేవారు.

లోపలి నుంచి సబీన్ వచ్చింది. పాత యజమాని కూతురు, ఇప్పుడు దుకాణం ఆమెదే. పిల్ల చెయ్యి వాసన చూసింది. ఆ తరవాత ఒదీల్‌ను చూసింది. ఒదీల్ ఇంకా తన మణికట్టు ముక్కుకు ఆనించుకుని నవ్వుతూనే ఉంది.

సబీన్ తడిగుడ్డతో పిల్ల చెయ్యి తుడిచి కొత్త సీసా విప్పింది. తల్లీకూతుళ్ళు దాన్ని కొనుక్కుని వెళ్ళిపోయారు.

"ఎన్నాళ్ళ నుంచండీ?" అంది సబీన్.

"క్రిస్మస్ నుంచి."

"నాతో ఒక్క మాట చెప్పకూడదూ?"

"చెబితే ఉంచుకునేదానివా?"

సబీన్ మంచిదే. అందుకే అబద్ధం చెప్పలేక కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "ముక్కుతో అమ్మే సరుకాయె. నన్నేం చెయ్యమంటారు?"

"తెలుసమ్మా."

ఉద్యోగం పోయినందుకు కాదు, ఆ పిల్ల చేతి మీద కుళ్ళు చల్లి మురిసిపోయినందుకు ఒదీల్‌కు సిగ్గేసింది. మిగిలిన అరలు కూడా తుడిచింది. కోటు వేసుకుంది. "వస్తానమ్మా," అని రోజూ అన్నట్టే అని, రాళ్ళు పరిచిన వీధిలోకి దిగింది.

తలుపులు మూయబోతూ సబీన్ కౌంటరు కింద చూసింది. ఎత్తు మడమల జోడు విప్పేసి, ఇంటికి నడిచి వెళ్ళడానికి ఒదీల్ రోజూ తొడుక్కునే మెత్తటి బూట్లు, మడమల దగ్గర నలిగి, ఒకదాని పక్కన ఒకటి అక్కడే ఉన్నాయి.