తలుపులు పరిచిన వీధి

అంతోనిని చంపింది గుండెపోటు కాదు, గొయ్యి. ఆసుపత్రివాళ్ళు గుండెపోటనే అన్నారు. వాళ్ళు చూసింది బల్లమీద పడుకోబెట్టిన శవాన్ని. అంతకుముందు జరిగింది మేం చూశాం.

గుణదల దగ్గర కాలవ పక్కన ఉంటుంది మా వీధి. కాలవకట్ట వీధి అంటారు. స్లాబు పనికి పోయే నాలాంటి ఆడవాళ్ళు, రంగులు వేసే మగవాళ్ళు, ఆటోలు తోలేవాళ్ళు, పూలు కట్టి అమ్మేవాళ్ళు. వెనక కాలవ, రెండు పక్కలా మేడల ప్రహరీలు. లోపలికి రావడానికైనా బయటికి పోవడానికైనా ఒకటే దారి. ఎండాకాలంలో కాంట్రాక్టరు మనుషులు పొక్లెయిన్ తెచ్చి, వరదనీటి డ్రైను పేరుతో ఆ మొగదల్లోనే అడ్డంగా తవ్వారు. మనిషి భుజాల లోతు. అడుగున ఇనుప చువ్వలు నిలబెట్టారు, పక్కన సిమెంటు తూములు దొర్లించారు, తవ్విన మట్టి గుట్టగా పోసి వెళ్ళిపోయారు. వానలు వచ్చాయి, పోయాయి. క్రిస్మస్ వచ్చింది, పోయింది. గొయ్యి పక్కన బోర్డు మాత్రం కదల్లేదు. "మీ ప్రగతి కోసం పనులు జరుగుచున్నవి."

ఆ రోజు పొద్దున్నే అంతోని పళ్ళు తోముకుంటూ రొమ్ము పట్టుకుని కూలబడ్డాడు. ఫోను చేసిన కాసేపటికే 108 వచ్చింది. వచ్చి గొయ్యి అవతల ఆగింది. కూత మాత్రం ఆపలేదు.

"బండి లోపలికి రాదమ్మా. ఎత్తుకు రండి, తొందరగా!" అని అరిచాడు డ్రైవరు.

అంతోనిని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టాం. ముందు రంగులేసే ఎలీషా, వెనక నేను, ఇంకో ఇద్దరు. గొయ్యి మీద పాదం పట్టేంత వెడల్పున్న చెక్క ఒకటి ఉంది. ఎలీషా సగం దాటాడు. చెక్క పక్కకి ఒరిగింది. కుర్చీతో సహా అంతోని ఆ నల్లనీళ్ళలో పడ్డాడు. అతని పెళ్ళాం అమలమ్మ చీరతోనే దూకి, తల నీళ్ళలో మునగకుండా రెండు చేతులా పైకెత్తి పట్టుకుంది. చువ్వల మధ్యనుంచి అతన్ని బయటికి లాగేసరికి బండిలోని అబ్బాయి చెయ్యి పట్టుకు చూసి, మా ముఖాల్లోకి చూడలేక తల తిప్పుకున్నాడు.

అప్పుడొచ్చాడు కాంట్రాక్టరు సూపర్‌వైజరు.

"చెక్క మీద దాటమని ఎవడు చెప్పాడు? బోర్డు పెట్టాం కదా!"

కూలి చేసుకునే అన్నల్లారా, కాలేజీలకు పోయే పిల్లల్లారా, ఈ కథ మీకు చెప్పేది ఏడవమని కాదు. ఏడుపు మేం ఏడ్చాం. దానివల్ల గోతిలో ఒక్క తట్ట మట్టి పడలేదు.

సమాధి చేసి వచ్చిన వారానికి అభివృద్ధి కమిటీ మీటింగు పెట్టించాం. కమిటీకి ప్రెసిడెంటు వెంకటకృష్ణారావుగారు. ఆయన మేడ మెయిన్ రోడ్డు మీదికి ఉంటుంది కాబట్టి గొయ్యి ఆయనకు అడ్డం కాదు. మా వీధిలో సగం ఇళ్ళు ఆయనవే. తన మేడ కింది వాటా కాంట్రాక్టరు సిమెంటు బస్తాలకు అద్దెకిచ్చాడు.

"చూడండమ్మా, అభివృద్ధి అన్నాక కొంత ఇబ్బంది ఉంటుంది. రోడ్డు పడ్డాక మీ వీధి రేటు ఎక్కడికి పోద్దో మీకేం తెలుసు?" అన్నాడాయన.

"రేటు పెరిగితే అద్దె పెంచేది మీరేగా బాబుగారూ," అంది పూలమ్మే రూతు.

జనం నవ్వారు. ఆయన నవ్వలేదు.

"అద్దె సంగతి ఇప్పుడెందుకు?"

"రేటు సంగతి మీరే ఎత్తారండీ."

అప్పుడు లేచింది సింధూరి. పక్కింటి పిల్ల, మెడికల్ షాపులో పని చేసేది. తొలిచూలు.

"నాకు ఎనిమిదో నెలండీ. బీపీ ఉందన్నారు. నొప్పులొస్తే నన్ను కూడా కుర్చీలో ఎత్తుతారా?"

ప్రెసిడెంటు చెయ్యి అడ్డంగా ఊపాడు.

"తప్పమ్మా, అట్లాంటి మాటలు అనకూడదు."

"అనకపోతే గొయ్యి పూడుద్దా?"

ఎలీషా అందుకున్నాడు. "కాంట్రాక్టరుని లాక్కొచ్చి అదే గోతిలో నిలబెడదాం. మెడలోతు ఎంతో ఆడికీ తెలుసుద్ది."

"ఆవేశపడకు ఎలీషా," అన్నాడు ప్రెసిడెంటు. "కార్పొరేషన్ పెద్దాఫీసరుగారిని నేను తీసుకొస్తా. ఆయనే వచ్చి కళ్ళారా చూస్తారు. చాలా?"

చాలనుకున్నాం. పెద్దవాళ్ళు మన కష్టం చూడక చెయ్యరు గానీ, చూస్తే చేస్తారనుకునే భ్రమ మా నెత్తురులోనే ఉంది. తాతముత్తాతలు మాకు రాసిచ్చిన ఆస్తి అదొక్కటే.

ఆఫీసరు వచ్చే రోజు రానే వచ్చింది. ఆ రోజు మేం చేసిన పని మావాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యరు. వీధికి పెద్దమనిషి వస్తున్నాడు. ఎన్నడూ ఎవరూ రాలేదు. తెల్లారకముందే ఊడ్చాం. నీళ్ళు చల్లాం. గొయ్యి అంచుదాకా ముగ్గులేశాం. "ఆయన జారి అందులో పడితే మన వీధికే తలవంపులు," అన్నారెవరో. అందరికీ నిజమే అనిపించింది. ఎలీషా బందులు ఊడదీసి తన ఇంటి తలుపు తెచ్చాడు. కాంట్రాక్టరుని గోతిలో దించుతానన్న ఎలీషాయే. అది చూసి ఇంకొందరు తెచ్చారు. తలుపుకి తలుపు చేర్చి, తాళ్ళతో కట్టి, గొయ్యి కప్పేశాం. చప్టాలాగా తయారైంది. దానిమీద ప్రార్థన కూటంలో వేసే పట్టా పరిచాం. మొగుణ్ణి పూడ్చి నెల తిరగని అమలమ్మ స్టవ్వు వెలిగించి టీ పెట్టింది.

ఆఫీసరు తలుపుల మీదుగా నడిచొచ్చి సరిగ్గా మధ్యలో నిలబడ్డాడు.

"బాగానే మేనేజ్ చేశారే!" అన్నాడు.

అమలమ్మ కప్పు అందించింది. "సార్, మా ఆయన ఇక్కడే, ఈ గోతిలోనే..."

"అలాగేనమ్మా, చూస్తున్నాంగా," అంటూ ఆయన ఫోటో తీస్తున్న సూపర్‌వైజరు వైపు తిరిగాడు. టీ బాగుందన్నాడు. కారెక్కాడు.

మర్నాడు ఆ ఫోటో అందరి ఫోన్లలోకీ వచ్చింది. కింద రాసినదాన్ని నేనే పైకి చదివాను. "కాలవకట్ట వీధి ప్రజల కోసం కాంట్రాక్టు సంస్థ ఏర్పాటు చేసిన పటిష్ఠమైన తాత్కాలిక వంతెన. స్థానికుల హర్షం." ఫోటోలో ఆఫీసరు పక్కన అమలమ్మ. చేతిలో టీ పళ్ళెం, ముఖం నిండా నవ్వు.

ఆమె ఫోను దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

"నేను నవ్వానా మాణిక్యమ్మొదినా?"

రూతు అంది, "ఇంటికొచ్చినోళ్ళకి టీ ఇస్తా నవ్వకుండా ఎట్టా ఇస్తాం చెప్పు."

"అంతోని చచ్చిన గోతి మీద నిలబడి నవ్వాను," అంది అమలమ్మ. గొంతులో ఏడుపు లేదు. ఫోను నా చేతిలో పెట్టి గొయ్యి దగ్గరికి నడిచింది. వంగి తాళ్ళు విప్పడం మొదలుపెట్టింది. "ఎవరి తలుపులు వాళ్ళు తీసుకుపోయి బిగించుకోండి. ఆళ్ళు తవ్విందాన్ని మన తలుపులతో మనమే కప్పిపెట్టాం. ఇంక కప్పేది లేదు."

గొయ్యి మళ్ళీ నోరు తెరుచుకుంది.

ఇంతలో మేరీమాత ఉత్సవాలు దగ్గరపడ్డాయి. ఊరూరి నుంచి జనం నడిచొస్తారు. మెయిన్ రోడ్డు కడిగారు, డివైడర్లకు రంగులేశారు. మా వీధి మొగదల సూపర్‌వైజరు వాసాలు పాతించి, ఈ చివరినుంచి ఆ చివరికి ఆకుపచ్చ గుడ్డ కట్టించాడు. వచ్చేపోయే పెద్దల కంటికి గొయ్యి కనపడకూడదు, మేమూ కనపడకూడదు. బయటికి రావాలంటే ఒకరు గుడ్డ ఎత్తి పట్టుకోవాలి, ఒకరు వంగి చెక్క మీద దాటాలి. నిండు కడుపుతో సింధూరి వంగలేక గుడ్డ పట్టుకుని నిలబడిపోయింది.

"పండగ అయ్యేదాకా సర్దుకోండమ్మా," అన్నాడు సూపర్‌వైజరు.

"ఇదేం తిరపతి లడ్డూ క్యూనా సర్దుకోటానికి?" అంది రూతు.

ఆ సాయంత్రం గొయ్యి అంచునే కూర్చున్నాం. ఈసారి హాలు లేదు, ప్రెసిడెంటు లేడు.

"మెయిన్ రోడ్డు మీద బైఠాయిద్దాం. పండగ ట్రాఫిక్ ఆగితే పరిగెత్తుకుంటా వస్తారు," అన్నాడు ఎలీషా.

"మాత పండగప్పుడు గొడవేంట్రా, పాపం!" అన్నాడు ప్రార్థనలు చదివించే జాన్ పాల్.

అమలమ్మ అతనివైపు తిరిగింది. "బాబాయ్, మాత పురుడు పోసుకోటానికి చోటు దొరక్క తిరిగిందని ప్రతి క్రిస్మస్సుకీ మాకు నువ్వే చెప్తావుగా. ఈ పిల్ల ఎటు పోవాలో అది కూడా చెప్పు."

అమలమ్మ ఎలీషా వైపు తిరిగింది.

"రోడ్డు ఆపొద్దు ఎలీషా. నడిచొచ్చేది మనలాంటోళ్ళే. ఆళ్ళ కాళ్ళు కాయలు కాసుంటయ్. మనకి కావాల్సింది బండి పట్టే దారి. మట్టి ఇక్కడే ఉంది, తూములు ఇక్కడే ఉన్నయ్. పూడుద్దాం."

"అది గవర్నమెంటు గొయ్యి వదినా. కేసు పెడతారు," అన్నారెవరో.

"గొయ్యి గవర్నమెంటుదైతే అందులో పోయినోడు ఎవరోడు?"

ఈ మాట ప్రెసిడెంటు చెవిన పడనే పడింది. పూడిస్తే ఇళ్ళు ఖాళీ చేయాల్సి ఉంటుందని మనిషితో కబురు పెట్టాడు.

"ఖాళీ చేసి ఎట్టా పోవాలంటా? సామాన్ల బండి లోపలికి రావాలిగా!" అంది రూతు. అంతోని పోయాక మా వీధిలో అందరూ కలిసి మనసారా నవ్వింది ఆ మాటకే. ఆ నవ్వుతోనే భయం సగం పోయింది.

మర్నాడు ఎండ ఎక్కకముందే దిగాం. ఎవరికి ఎవరూ పని చెప్పక్కర్లేదు. మగవాళ్ళు గోతిలో దిగి చువ్వలు వంచారు. నీళ్ళకు దారి ఉండేలా తూములు దొర్లించి దించారు. మట్టిగుట్ట నుంచి గొయ్యిదాకా ఆడవాళ్ళం వరసగా నిలబడ్డాం. స్లాబు పోసేటప్పుడు ఎట్లా నిలబడతామో అట్లా. నిండు తట్ట ఈ చేతిలోంచి ఆ చేతిలోకి, ఖాళీ తట్ట వెనక్కి. ఆకుపచ్చ గుడ్డ ఎప్పుడు కింద పడిందో ఎవరూ చూడలేదు.

యాత్రికులు ఆగి చూశారు. కొవ్వొత్తుల సంచి పట్టుకున్న ఒకావిడ, "ఏంటమ్మా ఇది?" అని అడిగింది. చెప్పాం. ఆమె సంచి గోడకానించి కొంగు బిగించింది.

"ఎక్కణ్ణించమ్మా?"

"ఉయ్యూరు పక్కనండీ. చెరుకు కొట్టే పని మాది. ఇటివ్వండి తట్ట."

గొయ్యి సగం పూడేసరికి జీపు వచ్చింది. ఎస్సై దిగాడు, వెనక సూపర్‌వైజరు.

"ఆపండి! ఎవరిచ్చారు పర్మిషన్?"

వరస ఆగలేదు. నాకు దగ్గరగా వచ్చాడు. "ఏయ్, నీకే చెప్పేది!"

"స్లాబు మొదలెట్టాక మధ్యలో ఆపరు సార్. ఆపితే ఆ అతుకు దగ్గర కారుద్ది."

"ఇదేమన్నా స్లాబా?"

"మాకిదే స్లాబు సార్."

లాఠీలు లేచాయి. తట్టలు ఎగిరిపడ్డాయి. రూతు నుదురు చిట్లింది. పోలీసులు ఒకళ్ళని లాగేస్తే పక్కవాళ్ళు జరిగి ఆ ఖాళీలో నిలబడ్డారు. ఇద్దర్ని లాగితే చేతులు ఇంకొంచెం చాచారు. మనుషులు తగ్గినా వరస తెగలేదు. జాన్ పాల్ పంచె ఎగ్గట్టి పార పట్టుకోవడం, నన్ను తోసిన జీపులోంచి చూశాను. మట్టి రోడ్డుకి సమానంగా వచ్చేదాకా జీపు కదల్లేదు. చుట్టూ మూగిన జనం కదలనివ్వలేదు.

అమలమ్మనీ, రూతునీ, ఎలీషానీ, నన్నూ స్టేషన్లో నేలమీద కూర్చోబెట్టారు. ప్రభుత్వ పనికి ఆటంకం, ప్రజల ఆస్తికి నష్టం అని కేసు.

"కాంట్రాక్టరుకి ఎంత నష్టమో తెలుసా మీకు?" అన్నాడు ఎస్సై.

"నష్టమంటే నాకు తెలుసు సార్," అంది అమలమ్మ.

మధ్యాహ్నం వెంకటకృష్ణారావుగారు వచ్చాడు. మమ్మల్ని విడిపించడానికనుకుని ఎలీషా లేచి నిలబడ్డాడు. ఆయన మావైపు చూడకుండా వెళ్ళి కుర్చీలో కూర్చుని, డ్రైను మేం పగలగొట్టామనీ, తాను కళ్ళారా చూశాననీ సాక్ష్యం చెప్పి సంతకం పెట్టాడు. కాఫీ తాగి వెళ్ళాడు. ఎలీషా నిలబడే ఉన్నాడు.

"కూర్చో తమ్ముడూ. ఆయన పని ఆయన చేశాడు," అన్నాను.

తర్వాత ఎస్సై ఫోను మోగింది. ఆయన అరుపుల్లోంచే మాకు సంగతి తెలిసింది. మళ్ళీ తవ్వడానికి పొక్లెయిన్ పంపారు. వీధి వీధంతా వచ్చి పూడ్చిన మట్టి మీద కూర్చుంది. ముందు వరసలో సింధూరి, కాళ్ళు చాపుకుని. డ్రైవరు ఇంజను కట్టేసి దిగిపోయాడు. నిండు మనిషి మీదికి బండి పోనివ్వనన్నాడు.

"ఇంకో డ్రైవర్ని పంపండి!" అని అరిచాడు ఎస్సై.

అదే సమయానికి గుమ్మం దగ్గరికి ఒకామె వచ్చింది. మాకు తెలిసిన మనిషి కాదు. చేతులకి ఇటుకదుమ్ము. సెంట్రీ అడ్డుపెట్టిన చెయ్యి పక్కనుంచి లోపలికి వంగి చూసింది.

"గొయ్యి పూడ్చినోళ్ళు మీరేనా అమ్మా? మాది రైలుకట్ట అవతల. మాకూ ఇదే కాంట్రాక్టరు. మా అత్త పడి తుంటి ఇరగ్గొట్టుకుంది. ముందు తూము వెయ్యాలా, మట్టి పొయ్యాలా?"

"ఎవరమ్మా నువ్వు? బయటికి నడువ్!" అన్నాడు ఎస్సై.

అమలమ్మ గోడ పట్టుకుని లేచింది. "ముందు చువ్వలు వంచండి. తర్వాత తూము. మట్టి ఆఖర్న. అందరూ ఒక్కసారే దిగండి తల్లీ. ఒకళ్ళిద్దరు దిగితే లాక్కొచ్చేస్తారు."

ఆమె తలూపింది. వెనక్కి తిరిగి పరుగులాంటి నడకతో వెళ్ళిపోయింది. గేటు బయట పారలు భుజాన వేసుకుని నిలబడ్డ జనంలో కలిసిపోయింది. ఎస్సై కిటికీ దాకా వెళ్ళి చూసి, ఎర్రబడ్డ ముఖంతో అమలమ్మ మీదికి వచ్చాడు.

"దాని పేరేంటి? చెప్పు!"

"తెలీదు సార్," అంది అమలమ్మ. "మా మనిషే."